చార్జి అప్పగించని అల్లుడు

ప్రత్యేక సంచికకు ఏదైనా రాసి ఇవ్వమని మన సంఘం కార్యదర్శి గారు ఫోను చేసినప్పుడు, సర్వీసు జ్ఞాపకాలు రాస్తానన్నాను. "అవి ఇప్పటికే పదకొండు వచ్చాయండీ! మీకు చరిత్ర పిచ్చి ఉంది కదా, అది రాయండి" అన్నారు. అందుకని ఈ సాహసం.

ముందే మనవి చేస్తున్నాను. నేను చరిత్రకారుణ్ణి కాను. 1971 నుంచి 2007 వరకు ముప్పై ఆరేళ్లు రెవెన్యూ శాఖలో గుమాస్తాగా పనిచేసి, సీనియర్ అసిస్టెంటుగా రిటైరై, మా అంగలకుదురులో కాలం గడుపుతున్నవాణ్ణి. నాకు తెలిసిందల్లా కాగితం చదవడం. పాత శాసనమైనా పాత జీవో అయినా నాకు ఒకటే. ఎవరి పేరుతో వచ్చింది, ఎవరు అడిగితే వచ్చింది, అసలు నిర్ణయం ఎవరిది? ఈ మూడూ చూస్తాను. ఆ చూపుతోనే అళియ రామరాయల కథ చెప్పబోతున్నాను. ఇందులో నా సొంత సంగతి కూడా ఒకటుంది. అది చివర చెబుతాను.

హంపీలో ఒక ప్రశ్న

2019లో మన మిత్రులం కొందరం గుంటూరులో రైలెక్కి హోస్పేటలో దిగి హంపీ చూసి వచ్చాం. విఠలాలయం, రాతిరథం, ఏనుగుల సాలలు చూసి అలసిపోయి ఒక మండపంలో కూర్చున్నాం. మాలో ట్రెజరీలో చేసి రిటైరైన మిత్రుడొకాయన లెక్కల మనిషి. ఆయన అన్నాడు: "రాయలవారు పోయింది 1529లో. ఈ ఊరు పాడైంది 1565లో. మధ్యలో ముప్పై ఆరేళ్లు. మన ఒక్కొక్కరి సర్వీసంత! ఇంతలో ఇంత సామ్రాజ్యం ఎలా పోయిందయ్యా?"

చిన్నప్పుడు బడిలో చెప్పిన జవాబు అందరం చెప్పాం: నలుగురు సుల్తానులు ఏకమై తళ్లికోట యుద్ధంలో ఓడించారు. ఆయన ఊరుకోలేదు. "యుద్ధం ఒక్క పూట. ఒక్క పూటలో కూలిందంటే అంతకుముందే ఏదో గుల్లయి ఉండాలి" అన్నాడు. ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చి నాలుగు పుస్తకాలు తిరగేశాను. అందులో మొదటిది రాబర్ట్ సూయెల్ 1900లో అచ్చువేసిన విజయనగర చరిత్ర. ఆయనా మనలాంటి సర్కారు ఉద్యోగే. బళ్లారి కలెక్టరుగా పనిచేసినవాడు.

గోల్కొండలో పోయిన కొలువు

రామరాయలు ఆరవీటివారి పిల్లవాడు. తెలుగు కుటుంబం. ఆయన తాతకు తండ్రి ఆరవీటి బుక్కరాజు సాళువ నరసింహరాయల దగ్గర సేనాని. కత్తి పట్టడం, కోటలు కాయడం ఆ ఇంటి వృత్తి. అయితే ఈయన మొదటి కొలువు విజయనగరంలో కాదు, గోల్కొండలో. సుల్తాన్ కులీ కుతుబ్ షా ఈయనకు కొంత సీమ అప్పగించాడు. బీజాపూరు సేనలు దండెత్తి వచ్చేసరికి రామరాయలు ఆ సీమ వదిలేసి గోల్కొండకు పారిపోయి వచ్చాడనీ, పిరికివాడివని సుల్తాను కొలువులోంచి తీసేశాడనీ గోల్కొండ చరిత్రకారుడు రాశాడు. ఇది 1515 ప్రాంతపు ముచ్చట.

మన భాషలో చెప్పాలంటే సర్వీసు మొదట్లోనే డిస్మిస్! అక్కణ్ణుంచి విజయనగరం చేరి శ్రీకృష్ణదేవరాయల కంట్లో పడ్డాడు. రాయలవారు తమ కుమార్తె తిరుమలాంబనిచ్చి పెళ్లి చేశారు. కన్నడంలో 'అళియ' అంటే అల్లుడు. ఆ మాటే పేరు ముందు శాశ్వతంగా నిలిచిపోయింది. ఆలోచిస్తే ఆయన జీవితం మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది. రాజుకు అల్లుడే కాని కొడుకు కాడు. సింహాసనానికి ఒక మెట్టు దూరం. ఆ మెట్టు ఎక్కడానికి జీవితాంతం ప్రయత్నించాడు. ఎక్కలేకపోయాడు. ఎక్కినవాణ్ణి ఏలనివ్వలేదు.

మైనరు రాజులు

రాయలవారు పోయేనాటికి కొడుకు పాలు తాగే పసివాడు. రాజ్యం తమ్ముడు అచ్యుతరాయలకు దక్కింది. ఆ పసివాడి పేరు మీద పెత్తనం చేయాలని రామరాయలు చూశాడు. సాగలేదు. అచ్యుతరాయలు రాజీపడి అధికారంలో వాటా ఇచ్చాడు. ఆ పసివాడు కూడా ఎంతోకాలం బతకలేదు.

1542లో అచ్యుతరాయలు పోయాడు. ఆయన కొడుకు వెంకటపతి చిన్నవాడు. ఈసారి పిల్లవాడి మేనమామ సలకరాజు తిరుమలరాజు పెత్తనానికి దిగాడు. తల్లి వరదాంబిక సొంత అన్నదమ్ముణ్ణే నమ్మలేక బీజాపూరు సుల్తానును సాయం పిలిచింది. చివరికి ఆ మేనమామే పిల్లవాణ్ణి చంపించి తానే రాజునన్నాడు. కంసుడు వేరే ఎక్కడో ఉండడు!

రామరాయలు ఇక్కడ గొప్ప ఎత్తు వేశాడు. అచ్యుతరాయల అన్న కొడుకు సదాశివరాయలు గుత్తి కోటలో బందీగా ఉన్నాడు. అతణ్ణి విడిపించి, చక్రవర్తి ఇతడేనని చాటి, తమ్ములు తిరుమల, వెంకటాద్రులతో కలిసి యుద్ధం చేసి సలకరాజును తుంగభద్ర ఒడ్డున చంపి, సదాశివుడికి పట్టం కట్టాడు. అప్పటికి జనం ఆయన్ను ఆపద్బాంధవుడనే అనుకుని ఉంటారు. తప్పులేదు. మైనరు ఆస్తి కాపాడడానికి గార్డియను రావడం ధర్మమే. అసలు పరీక్ష మైనరు మేజరైన రోజున వస్తుంది.

సదాశివుడు పెద్దవాడై తన మాట చెల్లించుకోబోయేసరికి రామరాయలు అతణ్ణి కాపలాలో పెట్టాడు. ఏడాదికొకసారి మాత్రం జనానికి చూపించేవారని ఆనాటి విదేశీయులు రాశారు. పెన్షనర్లం మనం ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాం చూడండి, అలాగ! రాజు సజీవుడై ఉన్నాడని ధ్రువీకరణ. అంతవరకే.

పేరు ఒకరిది, పెత్తనం ఒకరిది

ఇక నా కాగితాల చూపుకు వస్తాను. సదాశివరాయల కాలపు శాసనాలు మన ప్రాంతంలోనూ ఉన్నాయి. మంగళగిరిలో గరుడాళ్వారు గుడి దగ్గర నాలుగు ముఖాల రాతిస్తంభం ఉంది. సిద్ధిరాజు తిమ్మరాజు వంశంవారు 28 గ్రామాల్లో ఇచ్చిన భూదానాలు అందులో ఉన్నాయి. నంబూరు, చినకాకాని, కాజ, నవులూరు, వెలగపూడి, కుంచనపల్లి... అన్నీ మనం బస్సులో దాటే ఊళ్లే. ఏలుబడి మాత్రం సదాశివదేవరాయలవారిదని రాసి ఉంది.

1556 నాటి రాగిరేకులు కొన్ని ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంవారి దగ్గర ఉన్నాయి. శ్రీపెరుంబుదూరులో రామానుజులవారి గుడికి గ్రామాలిచ్చిన దానపత్రమది. దాని క్రమం చూస్తే నాకు నవ్వొచ్చింది. కొండరాజు అనే బంధువు రామరాయలకు విన్నవించాడట. రామరాయలు చక్రవర్తికి విన్నవించాడట. చక్రవర్తి దయతో మంజూరు చేశాడట. అచ్చం 'త్రూ ప్రాపర్ చానెల్'! రామరాయలు సంతకం చేసే అధికారి కాదు, ఫైలు పైకి పంపే అధికారి మాత్రమే అన్నట్టుంటుంది. కాని పైన కూర్చున్నవాడు కాపలాలో ఉన్నాడని రాజ్యంలో అందరికీ తెలుసు.

ఇంకో శాసనాల వరస మీకు తప్పక చెప్పాలి. కొండోజు అనే మంగలి రామరాయలకు క్షౌరం చేసి మెప్పించాడు. ఏం కావాలో అడుగు అంటే తనకని ఏమీ అడగలేదు, తన కులంవారికి పన్నులూ వెట్టీ మాన్పించమన్నాడు. 1540ల నుంచి కన్నడ దేశంలోనూ తెలుగు సీమల్లోనూ ఊరూరా రాళ్లమీద ఈ ఆజ్ఞ చెక్కించారు. కత్తి మెడమీద ఉన్నవాడి మాట ఎవరైనా వింటారు అని మా ట్రెజరీ మిత్రుడి చమత్కారం. నాకు మాత్రం ఇందులో రామరాయల మంచీ చెడూ రెండూ కనిపిస్తాయి. పేదవాడి మాట చెవినపెట్టి, అమలు జరిగేదాకా చూసిన పెద్దమనిషి. అయితే న్యాయం జరగాలంటే ఆయనకు గడ్డం గీసే అవకాశం దొరకాలి. వ్యవస్థ అనేది లేదు. మనిషి ఒక్కడే ఉన్నాడు.

కోటలూ సీమలూ ఎక్కువగా అయినవాళ్ల చేతిలోనే పెట్టాడు. మంత్రాంగం తమ్ముడు తిరుమలకు, సైన్యం చిన్న తమ్ముడు వెంకటాద్రికి. నంద్యాల, అవుకు సీమలు ఆరవీటి దాయాదులకు. దక్షిణానికి దాయాదులు చినతిమ్మ, విఠలులను పంపితే వాళ్లు తిరువాన్కూరు దాకా వెళ్లి కప్పాలు పట్టుకొచ్చారు. సమర్థులు కారని అనను. కాని అందరి విధేయతా ఒక్క మనిషికే. గద్దెకు కాదు.

మంచి కూడా చెప్పాలి. రామామాత్యుడు 1550లో 'స్వరమేళకళానిధి' అనే సంగీతశాస్త్రం రాసింది ఈయన కోరికమీదే. ఆ రామామాత్యుడే మన కొండవీటి సీమ అధికారి బయకార రామప్పయ్య అని పండితులు గుర్తించారు. రాగాల విషయంలో విద్వాంసులు తగవులాడుకుంటుంటే తీర్చమని అప్పగించారట. 'వసుచరిత్ర' రాసిన భట్టుమూర్తికి రామరాజభూషణుడనే పేరు వచ్చింది ఈ రామరాజు సభ వల్లే.

నలుగురి మధ్య తగవు

దక్కనులో అప్పుడు బీజాపూరు, అహ్మద్‌నగరు, గోల్కొండ, బీదరు సుల్తానులకు ఒకరంటే ఒకరికి పడేది కాదు. రామరాయలు ఇరవై ఏళ్లపాటు ఆ తగవులమీదే రాజకీయం నడిపాడు. ఇవాళ అహ్మద్‌నగరుతో కలిసి బీజాపూరుమీదికి, రేపు బీజాపూరుతో కలిసి అహ్మద్‌నగరుమీదికి. 1547లో గోవా పోర్చుగీసువారితో ఒడంబడిక చేసుకుని, అరబ్బు గుర్రాలు విజయనగరానికి తప్ప బీజాపూరుకు అమ్మకుండా కట్టడి చేశాడు. రాయచూరు, ముద్గల్లు కోటలు మళ్లీ దక్కించుకున్నాడు. ప్రాచీన చాళుక్యుల రాజధాని కళ్యాణి ఎవరికి చెందాలో తేల్చే పెద్దమనిషయ్యాడు. తనను చాళుక్య చక్రవర్తుల వారసుడిగా పొగిడించుకున్నాడు. ఉన్న గద్దె తనది కాదు గనక, లేని గద్దె ఒకటి వెతుక్కున్నాడన్నమాట.

దీన్ని హిందూ ముస్లిం యుద్ధంగా మాత్రమే చూసేవారు ఒకటి గమనించాలి. బీజాపూరు సుల్తాను తన విదేశీ సైనికుల్ని తీసేస్తే మూడు వేలమందిని రామరాయలు చేర్చుకున్నాడు. వాళ్లు సలాము చేయడానికి ఇబ్బందిపడకుండా తన ఆసనం ముందు ఖురాను పెట్టించాడు. గోల్కొండలో అన్న జంషీద్‌కు భయపడి పారిపోయి వచ్చిన రాకుమారుడు ఇబ్రహీంను 1543 నుంచి 1550 దాకా ఏడేళ్లు తన దగ్గర ఉంచుకుని, అంబర్ ఖాన్ అనే ఆఫ్రికా సర్దారు జాగీరు తీసి అతనికిచ్చాడు. తన జాగీరు పోయిందని అంబర్ ఖాన్ ద్వంద్వయుద్ధానికి దిగి ఇబ్రహీం చేతిలోనే చచ్చిపోయాడు. ఈ ఇబ్రహీమే తరవాత గోల్కొండ సుల్తాను. తెలుగు కవులు ప్రేమగా మల్కిభరాముడన్నది ఇతణ్ణే.

అంత తెలివైనవాడికి ఒక్క లోపం ఏర్పడింది. ఎదుటివాడి గౌరవం లెక్కచేయడం మానేశాడు. కొడుకు పోయిన దుఃఖంలో ఉన్న రామరాయల్ని పరామర్శించడానికి బీజాపూరు యువ సుల్తాను ఆలీ ఆదిల్ షా స్వయంగా వచ్చాడు. రామరాయల భార్య అతణ్ణి కొడుకుగా భావించింది. తిరిగి వెళ్లేటప్పుడు రామరాయలు మర్యాదకైనా ఊరి బయటిదాకా సాగనంపలేదు. ఆ మాట అతను మరిచిపోలేదు. 1561 ప్రాంతంలో ఓడిపోయిన అహ్మద్‌నగరు హుసేన్ నిజాం షా సంధికి వచ్చి చేయి కలిపి, వెంటనే నీళ్లు తెప్పించి చేతులు కడుక్కున్నాడట. రామరాయలు మండిపడి తానూ నీళ్లు తెప్పించి కడుక్కున్నాడట. చివరికి కళ్యాణి తాళాలిప్పించుకుని తాంబూలం చేతికిచ్చి పంపాడు. ఇవన్నీ ఫిరిష్తా రాసిన కథలు. ఆయన బీజాపూరు కొలువులో రాసినవాడు కాబట్టి కొంచెం తగ్గించి నమ్మాలి. కాని ఇలాంటి అవమానాలు ఫైళ్లలో ఎక్కవు, మనుషుల్లో ఎక్కుతాయి. అది మనందరికీ అనుభవమే.

1564 నాటికి నలుగురూ కలిశారు. పెళ్లిళ్లతో ముడివేసుకున్నారు. హుసేన్ కూతురు చాంద్ బీబీని ఆలీ ఆదిల్ షాకిచ్చారు. ఆలీ చెల్లెల్ని హుసేన్ కొడుక్కిచ్చారు. ఏడేళ్లు ఉప్పు తిన్న ఇబ్రహీం కుతుబ్ షా కూడా వాళ్లలో ఉన్నాడు.

ఒక్క పూట

1565 జనవరి 23. కృష్ణ ఒడ్డున రక్కసగి, తంగడిగి ఊళ్ల దగ్గర యుద్ధం. రామరాయలకు అప్పటికి ఎనభై ఏళ్ల ప్రాంతం. పోర్చుగీసు చరిత్రకారుడు కూటో అయితే తొంభై ఆరన్నాడు. ముప్పై ఏళ్లవాడిలా ధైర్యంగా ఉన్నాడనీ అన్నాడు. గుర్రమెక్కమని చెప్పినా వినకుండా పల్లకీలో వచ్చాడు. మధ్యలో దిగి, పందిరి కింద ఆసనం వేయించుకుని, చుట్టూ డబ్బు రాశులు పోయించి, బాగా పోరాడినవారికి అక్కడికక్కడే పంచసాగాడు. గమనించారా? చివరి రోజున కూడా జీతం, బహుమానం, నమ్మకం అన్నీ ఒక్క మనిషి చేతిమీదుగానే.

అహ్మద్‌నగరు ఫిరంగులవాళ్లు దగ్గరికి రానిచ్చి, గొట్టాల్లో రాగి నాణేలు కూరి పేల్చారు. సేన చెదిరింది. రామరాయలు మళ్లీ పల్లకీ ఎక్కాడు. మదపుటేనుగు ఒకటి మీదికి వచ్చేసరికి బోయీలు పల్లకీ వదిలేసి పరుగుతీశారు. పట్టుకుని హుసేన్ ముందు నిలబెట్టారు. అక్కడే తల తీసి ఈటెకు గుచ్చి ఎత్తారు. ఆ తల చూడగానే యుద్ధం అయిపోయింది. తన సైన్యంలోని ఇద్దరు సర్దారులు ఫిరాయించడం వల్ల ఓడాడని రెండేళ్ల తరవాత విజయనగరం వచ్చి ఏడు నెలలున్న వెనీసు వర్తకుడు సీజరు ఫ్రెడరిక్ రాశాడు.

లక్షల సైన్యం ఒక్క తల పోతే ఎందుకు ఆగిపోయింది? రాజు రామరాయలు కాడు కదా! రాజు సదాశివరాయలు క్షేమంగా రాజధానిలోనే ఉన్నాడు. చట్టప్రకారం రాజ్యానికి ఏమీ కాలేదు. ఇంకో సేనాని లేచి "చక్రవర్తి బతికే ఉన్నాడు, నిలబడండి" అనవచ్చు. ఎవరూ అనలేదు. పేరుకు ఇరవై రెండేళ్లుగా రాజైనవాడికి ఒక్క రోజు కూడా రాజుగా ఉండే అవకాశం ఇవ్వలేదు మరి. ఆయన పిలిస్తే వచ్చేవాడు లేడు, చెబితే వినేవాడు లేడు, చెప్పడం ఆయనకు తెలియదు. తిరుమలరాయలు 550 ఏనుగులమీద ధనం ఎక్కించుకుని పెనుగొండకు తరలిపోయాడని సూయెల్ రాశాడు. చక్రవర్తినీ ఆ సామానుతోపాటే తీసుకుపోయారు. కోటకు నిలబడినవాడు లేడు. నెలల తరబడి ఊరిని కొల్లగొట్టి, కాల్చి, కూల్చారు. మేం కూర్చున్న మండపం చుట్టూ ఉన్నవి ఆ మిగిలిన రాళ్లే.

తిరుమలరాయలు కొన్నేళ్లు అన్నలాగే సదాశివుడి పేరు వాడి, 1570 ప్రాంతంలో పెనుగొండలో తానే పట్టం కట్టుకున్నాడు. సదాశివుణ్ణి చంపించారని ఫ్రెడరిక్ విన్నాడు. ఆరవీటివారికి చివరికి గద్దె దక్కింది. గద్దె కింద ఉన్న రాజ్యం చాలామటుకు జారిపోయాక!

మన సీమకు వస్తే, 1579-80లో కొండవీడు గోల్కొండవారి వశమై ముర్తజానగరమైంది. 1687లో గోల్కొండతోపాటు మొగలాయిల కిందికి, తరవాత నిజాముకు, 1788లో కుంపిణీవారికి పోయింది. మా తాలూకా కచేరీలో నేను దుమ్ము దులిపిన పాత రికార్డుల పుట్టుక అక్కడిది.

ఇతర దేశాల్లోనూ

ఈ జబ్బు మన ఒక్కరిదే అనుకోకండి. ఆఫ్రికాలో ఇథియోపియా దేశంలో తిగ్రే సీమ అధిపతి రాస్ మికాయెల్ సెహుల్ కథ ఇంతే. రాజధాని గోండారులో చక్రవర్తికి రక్షకుడిగా వెళ్లి, 1769లో ఇయోయాస్ చక్రవర్తిని చంపించాడు. ముసలి యోహన్నెస్‌ను ఎక్కించి, నచ్చక విషంతో తొలగించి, ఆయన కొడుకు కుర్రవాడు తెక్లే హైమనోత్‌ను గద్దెమీద పెట్టాడు. అక్కణ్ణుంచి 1855 దాకా ఆ దేశంలో చక్రవర్తులు బొమ్మలు, సీమల దొరలే ప్రభువులు.

ఆ ఇథియోపియాలోనే పుట్టి, బానిసగా అమ్ముడై దక్కను చేరిన మాలిక్ అంబర్, తళ్లికోట పొత్తు పెళ్లికూతురు చాంద్ బీబీ 1600లో హతురాలై అహ్మద్‌నగరు మొగలాయిల చేత చిక్కాక, ఒక కుర్ర నిజాం షాను నిలబెట్టి ఇరవై ఆరేళ్లు పెత్తనం చేశాడు. మహాయోధుడు, భూమి శిస్తు సక్రమంగా కట్టించినవాడు, తరవాత ఔరంగాబాదైన ప్రాంతంలో ఊరు కట్టి నీటి కాలువలు తవ్వించినవాడు. జహంగీరు చక్రవర్తి అతణ్ణి ఓడించలేక, అతని తలకు బాణం వేస్తున్నట్టు బొమ్మ గీయించుకుని సంతోషపడ్డాడు. ఆ అంబర్ కూడా 1610లో తన రాజు ఎదురు తిరిగితే తొలగించి అంతం చేసి చిన్న పిల్లవాణ్ణి కూర్చోబెట్టాడు. 1626లో ఆయన పోయాడు. పదేళ్లలో ఆ రాజ్యమూ పోయింది. రిచర్డ్ ఈటన్ అనే పండితుడు 2005లో ఎనిమిది మంది జీవితాలతో దక్కను చరిత్ర రాస్తూ రామరాయల్నీ మాలిక్ అంబర్‌నూ పక్కపక్క అధ్యాయాల్లో పెట్టాడు. ఎందుకో చదివితే తెలుస్తుంది.

నా సంగతి

ఇక నా మాట. మా అన్నయ్య 1978లో పోయాడు. వాడి కొడుక్కి అప్పుడు తొమ్మిదేళ్లు. ఎకరా డెబ్బై సెంట్ల మాగాణి. కాలువ కింద వరి, ఆపైన మినుము. వదిన నన్ను పిలిచి ట్రంకుపెట్టె తాళంచెవి నా చేతిలో పెట్టింది. పైసా తినలేదు. కౌలు డబ్బుకు లెక్క రాశాను, ఫీజులు కట్టాను. ఆ తృప్తి నాకుంది.

పిల్లవాడు 1987లో మేజరయ్యాడు. తాళంచెవి నా దగ్గరే ఉంది. "బాబాయ్, ఈసారి కౌలు మార్చి చూద్దామా?" అని 1989లో అడిగాడు. "నీకేం తెలుసురా" అన్నాను. 1991లో మళ్లీ అడిగాడు. మళ్లీ అదే మాట. తరవాత అడగడం మానేశాడు. వాడు నెమ్మదస్థుడని నేను సంతోషించాను. వదిన నాతో మాటలు తగ్గించినా పని ఒత్తిడిలో గమనించలేదు. ఆఫీసులో ఇన్‌చార్జిగా ఉన్న అధికారి ఒకాయన రెగ్యులర్ అధికారి వచ్చినా వారంపాటు చార్జి ఇవ్వకపోతే మేమంతా చాటున నవ్వుకున్నాం. ఆ సాయంత్రం ఆ ముచ్చట ఇంట్లో చెబితే మా ఆవిడ నవ్వలేదు. "ఏమండీ, మన వాడికి ఇరవై నాలుగొచ్చాయి. ఇంకా మైనరేనా?" అంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. డబ్బు తినకపోతే చాలు, నిజాయితీపరుణ్ణే అనుకున్నాను. వాడి ఆరేళ్లు తిన్నానని తెలియలేదు. వాడికేం తెలియదన్న మాట నిజమే. ఎలా తెలుస్తుంది, తెలుసుకోనిస్తే కదా! రామరాయలు కూడా సదాశివుడి గురించి అదే అనుకుని ఉంటాడు.

1993 ఉగాదికి వెళ్లి, తెల్లకాగితంమీద ఆఫీసు పద్ధతిలోనే చార్జి లిస్టు రాశాను. పాసుపుస్తకం, శిస్తు రసీదులు, పదిహేనేళ్ల కౌలు లెక్కల పుస్తకం, ట్రంకుపెట్టె తాళంచెవి ఒకటి. కింద 'అప్పగించినవారు' అని నా సంతకం, 'తీసుకున్నవారు' అని వాడి సంతకం. వదిన లోపల్నుంచి వచ్చి కాఫీ ఇచ్చి, "మరిదీ, భోంచేసి వెళ్లు" అంది. చాలా రోజుల తరవాత పిలిచిన పిలుపు. మొదటి ఏడు వాడు నష్టపోయాడు. నా నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. మూడో ఏడు నాకంటే బాగా చేశాడు.

మనలో చాలామంది ఇళ్లలో ఇంకా బీరువా తాళాలు మన మొలలోనే ఉన్నాయి. మన పిల్లలకు యాభై దాటాయి. అన్నీ ఇచ్చేసి చేతులు దులుపుకోమని నేను చెప్పను. పెన్షను, ఉన్న ఇల్లు మన చేతిలో ఉండాల్సిందే. కాని మన తరవాత నడపవలసినవాళ్లకు మనం ఉండగానే కొంత నడపనివ్వాలి. తప్పు చేస్తే దిద్దడానికి పక్కన మనం ఉంటాం.

రామరాయల కాలపు శాసనాలు వందల కొద్దీ దొరికాయి. దానాలున్నాయి, పన్ను మాఫీలున్నాయి, పొగడ్తలున్నాయి. 'అప్పగించాను' అని మాత్రం ఒక్కదానిలోనూ లేదు. మా ఇంటి కాగితం సామాన్యమైనదే, చెదలు కూడా కొంత తిన్నాయి. అయినా నా సర్వీసు మొత్తంలో నేను రాసిన కాగితాల్లో దాచుకున్నది అదొక్కటే.

స్వస్తి.